జీపు టర్బో

మార్టూరు దాటేదాకా బండి బాగానే లాగింది. ఆ తర్వాత వచ్చే ఫ్లైఓవరు సగం ఎక్కేసరికి సంజీవరావు కాలికింద ఆక్సిలరేటరు తేలిపోయినట్టయింది. తొక్కేకొద్దీ ఇంజను అరుస్తోంది గాని చక్రాలకి బలం అందడం లేదు. నాలుగో గేరు నుంచి మూడుకి దించాడు, మూడు నుంచి రెండుకి. బానెట్ కింద సన్నగా మొదలైన ఈల చూస్తుండగానే సైరన్‌లా పెరిగి, లోపల ఏదో తెగిన చప్పుడై, ఠక్కున ఆగిపోయింది. అద్దంలో వెనక రోడ్డు కనపడలేదు. అంతా నల్లటి పొగ.

ఎలాగో ఫ్లైఓవరు దించి బండిని పక్కకి తీశాడు. వెనక మిరపకాయలు కూరిన టిక్కీ బస్తాల మీద పట్టా బిగించిన తాళ్ళు సడలలేదు. ఎండకి కాయల ఘాటు లేచి ముక్కుల్లోకి కొడుతోంది. పక్కసీట్లో కూర్చున్న రైతు దిగి, ముందు పొగవైపు చూశాడు, తర్వాత తన సరుకువైపు చూశాడు.

"ఏమైంది సంజీవరావు?"

"టర్బో పోయినట్టుందండి."

"పోయిన వారమేగా వేరేది వేయించానన్నావు?"

సంజీవరావు బానెట్ ఎత్తి కడ్డీ ఆనించాడు. వేడి మొహాన కొట్టింది. ఇంజను పక్కన నత్తగుల్ల ఆకారంలో ఉన్న ఇనప డొక్కు దగ్గర గాలి గొట్టం బిగింపు వదులు చేసి, గుడ్డ చుట్టుకున్న వేళ్ళు లోపలికి పెట్టాడు. టర్బో అంటే ఆ డొక్కులో ఉండే చక్రమే. సైలెన్సరులోకి పోయే పొగ తోసుడుకి తిరిగి, ఇంజనులోకి గాలిని బలవంతంగా నెడుతుంది. అది తిరిగినంతసేపూ ఈ రెండున్నర లీటర్ల ఇంజను టన్నున్నర సరుకును పెద్దగా కష్టపడకుండా లాగేస్తుంది. అది ఆగిందా, ఖాళీ బండి కూడా ఎత్తు ఎక్కనని మొరాయిస్తుంది. చక్రం రెక్కలు అతని వేళ్ళకి విరిగిన పళ్ళలా తగిలాయి. ఇరుసు పట్టుకుంటే అటూ ఇటూ ఊగింది.

వెనకాల సగం లోడుతో వస్తున్న బుల్లయ్య ఆగాడు. ఇద్దరిదీ ఒకే స్టాండు. బుల్లయ్య వయసులో పెద్దవాడు, సంజీవరావు కన్నా ముందు నుంచీ ఈ రోడ్డు మీద పికప్ తిప్పుతున్నవాడు. టిక్కీలు ఒక్కొక్కటే ఆ బండిలోకి మార్చారు. రైతు కూడా భుజం పట్టాడు. పని అయ్యాక రైతు బుల్లయ్య పక్కన ఎక్కి తలుపు వేసుకున్నాడు. వెళ్ళొస్తానని అనలేదు.

మార్చి నెల. పత్తికట్టె పీకేసిన చేలు బోసిగా ఉన్నాయిగాని, దర్శి చుట్టూ మిరప కల్లాలన్నీ ఎర్రగా నిండి ఉన్నాయి. ఈ నెలా నెలన్నర తిరిగితేనే పికప్ బండికి ఏడాది గడిచేది. అలాంటి రోజుల్లో బండి రోడ్డు పక్కన బానెట్ తెరుచుకుని నిలబడింది.

కాస్త ముందుకి నడిస్తే స్పేరుపార్టుల షాపు ఉంది. కౌంటరులో ఉన్న శ్రీకృష్ణ అనే కుర్రాడు కంప్యూటరు వదిలి బండి దగ్గరికి వచ్చాడు. టర్బోకి కొట్టిన చిన్న రేకుబిళ్ళ మీద మసి తుడిచి, నంబరు ఫోనులో ఫోటో తీసుకుని, వేలితో జరుపుతూ చూశాడు.

"ఇది నీ బండిది కాదన్నా. జీపుది."

"జీపుదా?"

"నంబరు జీపు లిస్టులో చూపిస్తోంది. మీ పికప్‌కి చివరి అంకెలు వేరే. ఎవడు వేశాడు దీన్ని?"

సంజీవరావుకి తన మెకానిక్కు రంజాన్ పేరు చెప్పడానికి కూడా నోరు రాలేదు. గుంటూరులో సరుకు దించి ఖాళీగా తిరిగొస్తున్న ఒక బండిని ఆపి, గొలుసు కట్టించుకుని దర్శి దారి పట్టాడు. స్టీరింగు పట్టుకుని ముందు బండి ఆడించినట్టల్లా బ్రేకు వేస్తూ, తీస్తూ, దారంతా ఆ ఒక్క మాటే నమిలాడు. జీపుది. ఇరవై ఏళ్ళుగా తన బండ్లకి చెయ్యి పెట్టిన మనిషి, జీపుది తెచ్చి తగిలించాడు.

* * *

దర్శిలో అద్దంకి రోడ్డు మీద పికప్‌ల స్టాండు, దాని పక్కనే రంజాన్ షెడ్డు. నాలుగు ఇనప స్తంభాల మీద రేకులు. ఆ స్థలం శివరామకృష్ణ గారిది. సాయంత్రం కావడంతో స్టాండులో డ్రైవర్లు చాలామందే ఉన్నారు. గొలుసుకి వేలాడుతూ వచ్చిన బండిని చూసి లేచి వచ్చారు.

రంజాన్ ఒక వ్యాను కింద పడుకుని ఉన్నాడు. బయటికి జరిగి లేచాడు. ఉపవాసాల నెల. పొద్దుటి నుంచి మంచినీళ్ళు కూడా లేక పెదవులు తెల్లబడి ఉన్నాయి.

"ఏంది సంజీవా, గొలుసేంది?"

"నువ్వే చెప్పు ఏందో."

రంజాన్ బానెట్ ఎత్తాడు. గాలి గొట్టం తీసి చక్రాన్ని వేలితో తాకి చూశాడు. స్పానరు తెచ్చి, టర్బో నెత్తిన సన్నటి ఆయిలు పైపు బోల్టు విప్పి, వెలుతురుకి పెట్టి చూశాడు. పైపు మూతిలో చిటికెన వేలు పెట్టి తీశాడు. ఆ వేలు చాలాసేపు చూసుకుని గుడ్డకి తుడుచుకున్నాడు.

"మధ్యలో ఎవరన్నా దీన్ని విప్పారా?"

"ఎవరు విప్పుతారు? నువ్వు బిగించిందే."

"నువ్వు గాని..."

"నా మీదికి తోయమాక రంజానూ." సంజీవరావు గొంతు పెరిగింది. "ఇది జీపుదంట గదా. నంబరు చూసి చెప్పారు. జీపుది తెచ్చి నా బండికి తగిలించి, నాదేనని చెప్తావా?"

"నీ బండికి సరిపోయేదని చెప్పా. నీ బండిదని చెప్పలా. ఇంజను ఒకటే సంజీవా..."

"ఒకటైతే నంబర్లు రెండెందుకు? ఎంత మిగిలింది నీకు? చెప్పు, అందరూ ఉన్నారుగా. సీజన్లో నన్ను రోడ్డు మీద నిలబెట్టావు. రైతు నా మొహం కూడా చూడకుండా పోయాడు. నమ్మినోడికి దొంగసరుకు వేశావు."

దొంగ అనే మాట పడగానే స్టాండు మాటలు ఆగాయి. రంజాన్ స్పానరు పట్టుకున్న చెయ్యి కిందికి దించాడు. మరొక్కసారి సంజీవరావు మొహంలోకి చూశాడు, ఏదో చెప్తాడేమోనని ఎదురుచూస్తున్నట్టు. తర్వాత బండివైపు తిరిగి, టర్బో బోల్టులు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాడు. తుప్పు పట్టిన బోల్టు దగ్గర డీజిలు పోసి ఆగాడు, మళ్ళీ తిప్పాడు. అందరూ చూస్తూ ఉన్నారు. మొత్తం ఊడదీసి, ఆయిలు పైపుతో సహా గోనెసంచిలో పెట్టి సంజీవరావు కాళ్ళ దగ్గర ఉంచాడు.

"ఎక్కడికన్నా తీసుకెళ్ళి చూపించుకో. నేను చెప్తే నమ్మవుగా."

ఎవరో నవ్వారు. "నా బండికి క్లచ్ ప్లేటు వేశాడు ఆర్నెల్ల కింద. అది ఏ ట్రాక్టరుదో" అన్నారు ఇంకెవరో. ఈసారి ఎక్కువమంది నవ్వారు.

అదే టైముకి శివరామకృష్ణ గారు స్కూటరు ఆపి సంగతి కనుక్కున్నారు. ఖద్దరు చొక్కా, చేతిలో ఫోను. సంజీవరావు చెప్పిందంతా తల ఊపుతూ విన్నారు.

"ఏం రంజానూ, నా స్థలంలో ఇట్టాంటి పనులా? పదిమంది నమ్మి వచ్చే చోటు. నేనేదో పోనీలే అని ఊరుకుంటున్నా గాని..."

మిగతాది అనలేదు. అక్కర్లేకపోయింది. అక్కడ షాపుల వరస కట్టాలని ఆయన రెండేళ్ళుగా అనుకుంటున్నట్టు స్టాండులో అందరికీ తెలుసు. సంజీవరావుకీ తెలుసు. కాని ఆ పూట అది గుర్తుపెట్టుకునేంత చోటు అతని కోపంలో లేదు.

* * *

ఇంట్లో ప్రేమమ్మ అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది. ఆమె మిరపకాయల తొడాలు తీసే పనికి వెళ్ళొచ్చింది. చేతులు మండుతుంటే కొబ్బరినూనె రాసుకుంటోంది. సంగతి ఆమెకి అప్పటికే చేరింది.

"ఉపోసంలో ఉన్న మనిషిని పట్టుకుని పదిమందిలో అట్టా అన్నావంట."

"ఆడు చేసిన పనికి?"

"చేశాడో లేదో తేలాక అనాల్సింది. లోపలికి పిలిచి అడగాల్సింది. మన అమ్మాయి మహిమ కాన్పుకి ఒంగోలు పోవాల్సొచ్చినప్పుడు మన బండి ఆగిపోతే వేరే బండి తెచ్చి తనే తోలుకుని వచ్చాడు. తెల్లారిందాకా ఆస్పత్రి బయటే కూర్చున్నాడు."

"అది వేరే, ఇది వేరే."

ప్రేమమ్మ పళ్ళెం తీసుకుని లేచింది. సంజీవరావు తిన్నదీ లేదు.

పొద్దున్నే గోనెసంచి పట్టుకుని గుంటూరు బస్సెక్కాడు. ఆటోనగర్‌లో టర్బోలు మాత్రమే బాగుచేసే ఆదాం దుకాణం వెతుక్కుంటూ పోయాడు. చిన్న గది. గోడ పొడుగునా విప్పిన డొక్కులు, ఇరుసులు, చక్రాలు వరసగా పేర్చి ఉన్నాయి. ఆదాం కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, సంచిలోంచి టర్బో తీసి నంబరు చూశాడు.

"ఏ బండిది?"

"పికప్‌దండి. కాని ఇది జీపుదంట. జీపుది వేసినందుకే పోయిందని..."

"ఎవరన్నారు?"

"షాపులో."

"జీపులో ఉన్నదీ నీ పికప్‌లో ఉన్నదీ ఒకటే ఇంజను. పదిమంది ఎక్కే వ్యానులో కూడా అదే. టర్బో కూడా ఒకటే. పైన బాడీ మారినప్పుడల్లా కంపెనీ వాడు చివరి అంకెలు మారుస్తాడు. పాత మోడలు ఇంజనుదైతే చక్రం చిన్నది, అది నీ బండికి పట్టదు. ఇది కొత్త మోడలుదే. ఎవరు తెచ్చారో గాని చూసే తెచ్చారు. పాతదే అయినా తక్కువ తిరిగిన సరుకు."

సంజీవరావు స్టూలు మీద కూర్చున్నాడు. "మరెందుకు పోయిందండి?"

ఆదాం డొక్కు విడదీశాడు. లోపలి ఇరుసు తీసి దీపం కింద పెట్టాడు. ఇత్తడి బేరింగు ఉండాల్సిన చోట లోహం నీలంగా మాడి, గీతలు పడి ఉంది.

"ఇది నిమిషానికి లక్షసార్లు తిరుగుద్ది. ఆయిలు పొర మీద తేలుతూ తిరగాలి. దీనికి చుక్క ఆయిలు అందలా. ఎండి మాడిపోయింది." అతను ఆయిలు పైపు అందుకుని, మూతిలోకి సన్న తీగ దూర్చి లాగాడు. బూడిదరంగు జిగురుముక్క ఒకటి, రబ్బరులా సాగుతూ బయటికి వచ్చింది. దాన్ని సంజీవరావు అరచేతిలో పెట్టాడు. "ఇదిగో. ప్యాకింగ్ పేస్టు. ఈ బోల్టు దగ్గర ఆయిలు కారుతుంటే రాగి వాషర్లు మార్చాలి గాని పేస్టు పూయకూడదు. బిగించినప్పుడు అది లోపలికి జరిగి దారి మూసేస్తది. నెలకి రెండన్నా వస్తాయి నాకు, ఇట్టాంటియ్యే."

దాన్ని చూస్తుంటే సంజీవరావుకి గుర్తొచ్చింది.

చిలకలూరిపేట దగ్గర టీ కొట్టు. ఈ టర్బో వేయించాక రెండో ట్రిప్పు. టైరు గాలి చూద్దామని దిగితే బండి కింద చుక్క చుక్కగా ఆయిలు. బానెట్ ఎత్తి చూస్తే టర్బో నెత్తిన పైపు దగ్గర చెమ్మ. సీటు కింద స్పానరు ఉంది, పేస్టు ట్యూబు ఉంది. బోల్టు విప్పి, గుడ్డతో తుడిచి, పేస్టు పూసి, బిగించాడు. టీ చల్లారేలోపు అయిపోయిన పని. చేతులు కడుక్కుని మర్చిపోయాడు. రంజాన్ "ఎవరన్నా విప్పారా" అని అడిగినప్పుడు ఆ టీ కొట్టు అతని తలలో ఎక్కడా లేదు.

"నేనే పూశానండి" అన్నాడు.

ఆదాం కళ్ళజోడు దించుకున్నాడు. అతనికి ఇది పెద్ద సంగతేం కాదు. "సరేలే. లోపలి సామాను మారుస్తా, డొక్కు పనికొస్తది. పైపు కొత్తది వేసుకో. ఆయిలు మొత్తం దించి, ఫిల్టరు మార్చి అప్పుడు స్టార్టు చెయ్యి. రేపు రా."

జిగురుముక్కని సంజీవరావు కాగితంలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

* * *

మర్నాడు టర్బో తీసుకుని దర్శిలో బస్సు దిగేసరికి మధ్యాహ్నం. నేరుగా స్టాండుకి నడిచాడు. దారిలో ఏం చెప్పాలో, ఎలా మొదలుపెట్టాలో కూడబలుక్కున్నాడు. ఎక్కడ అన్నాడో అక్కడే, ఎవరి ముందు అన్నాడో వాళ్ళ ముందే చెప్పాలనుకున్నాడు.

షెడ్డు మీద రేకులు లేవు. నాలుగు స్తంభాలు ఎండలో నిలబడి ఉన్నాయి. కింద నల్లగా ఆయిలు తాగిన నేల మీద ఇద్దరు మనుషులు టేపు పట్టి కొలతలు తీస్తున్నారు.

వేపచెట్టు నీడన డ్రైవర్లు పేకాట ఆడుతున్నారు. బుల్లయ్య అతని చేతిలో సంచి చూసి "వచ్చిందా మన జీపు టర్బో రంజాన్ సరుకు?" అన్నాడు. పక్కవాళ్ళు ముసిముసిగా నవ్వారు. రంజాన్‌కి ఆ పేరు అప్పుడే స్థిరపడిపోయిందని సంజీవరావుకి అర్థమైంది. తను అన్న మాటే.

"అన్నా, రంజాన్ తప్పేం లేదు. అది మన బండికి సరిపోయే టర్బోయే. నేనే ఆయిలు పైపుకి పేస్టు పూశా. అది లోపల అడ్డంపడి పోయింది."

పేకముక్కలు ఆగాయి. సంజీవరావు జేబులోంచి కాగితం తీసి విప్పాడు. జిగురుముక్క చేతులు మారింది. ఒకడు వాసన చూశాడు.

"పేస్టేగా. మనందరం పూస్తాం" అన్నాడొకడు. "పేస్టు పూస్తే టర్బో పోద్దా ఎక్కడన్నా?"

"ఆదాం విప్పి చూపించాడు. నా కళ్ళతో చూశా."

"చూపిస్తాడు. రంజాన్ ముందే ఫోను చేసి ఉంటాడు. మెకానిక్కులంతా ఒకటేరా, ఒకడినొకడు కాపాడుకుంటారు."

"రంజాన్‌కి నేను గుంటూరులో ఎవరి దగ్గరికి పోయిందీ తెలీదు."

"నీకు జాలి పుట్టింది, అంతేలే" అన్నాడు బుల్లయ్య మెత్తగా. "వాళ్ళావిడ జైనాబీ వచ్చి ఏడ్చి ఉంటది. నీది మంచి మనసురా సంజీవా. పాత స్నేహం, షెడ్డు పోయిందని బాధ. కాని మోసం మోసమే గదా. మొన్న నువ్వు చెప్పబట్టి మా అందరికీ కళ్ళు తెరుచుకున్నాయి."

"నేను చెప్పింది తప్పన్నా. అదే చెప్తున్నా ఇప్పుడు."

"సర్లే, సర్లే. ఆడరా, నీ పాళీ" అని బుల్లయ్య పక్కవాడికి చెప్పాడు. జిగురుముక్క ఎవరి చేతిలోంచో దుమ్ములో పడింది. వంగి తీయబోతుంటే ఎవరిదో చెప్పు దాన్ని తొక్కేసింది. సంజీవరావు ఇక దాన్ని తీయలేదు.

శివరామకృష్ణ గారి ఇంటికి వెళ్ళాడు. ఆయన వరండాలో భోజనం అయ్యి కూర్చుని ఉన్నారు. సంజీవరావు మెట్ల కింద నిలబడి అంతా మొదటి నుంచి చెప్పాడు. ఆయన ఓపిగ్గానే విన్నారు.

"నీ మాట మీద ఖాళీ చేయించానని ఎందుకనుకుంటున్నావయ్యా? నా స్థలం, నా అవసరం. వచ్చేవారం పునాదులు తీస్తున్నాం."

"మీరు ఆ రోజు అందరి ముందూ అన్నారు గదండి, ఇట్టాంటి పనులు అని."

"నేనన్నానా?" ఆయన కాసేపు ఆలోచించారు. "అందరూ అనుకుంటున్నదే అన్నాను. అయినా మాట వచ్చాక మళ్ళీ ఎవడు వస్తాడు అతని దగ్గరికి? అతనికీ మంచిదే, వేరే ఊళ్ళో మొదలుపెట్టుకుంటాడు. నువ్వు బండి చూసుకో. సీజను పోతోంది."

సంజీవరావు వచ్చేశాడు. మొన్న ఒక్క మాటకి ఇంతమంది ఊ కొట్టారు. ఇవాళ మధ్యాహ్నమంతా మాట్లాడితే ఒక్కడు కూడా తల ఊపలేదు.

* * *

బస్టాండు దగ్గరి మెకానిక్కు టర్బో బిగించాడు. సంజీవరావు పక్కనే నిలబడి ప్రతి బోల్టూ చూశాడు. ఆయిలు దించి, కొత్తది పోసి, కొత్త పైపు, కొత్త రాగి వాషర్లు. స్టార్టు చేస్తే ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. చప్పుడు శుభ్రంగా ఉంది. అంత శుభ్రంగా ఉన్నందుకు అతనికి సంతోషం కలగలేదు.

తెల్లారి రంజాన్ ఇంటికి వెళ్ళాడు. సందు మొదట్లోనే సామాను కనపడింది. ఇనుముని కరిచి పట్టే వైసు, బరువులెత్తే గొలుసు కప్పీ, గాలి కంప్రెసరు, జాకీలు, రెండు పనిముట్ల పెట్టెలు, ఊడదీసిన రేకులు. జైనాబీ గుమ్మంలో నిలబడి ఫోనులో ఎవరినో బతిమాలుతోంది. సంజీవరావుని చూసి చెంగు సర్దుకుంది. ఎప్పుడూ వచ్చినట్టు "రా అన్నా" అనలేదు.

రంజాన్ అరుగు మీద కూర్చుని పెట్టెకి తాడు కడుతున్నాడు.

"ఎక్కడికి?" అన్నాడు సంజీవరావు.

"గుంటూరు. ఈమె అన్న షెడ్డులో. రోజు కూలీకి."

సంజీవరావు అరుగు కింద నేల మీద కూర్చున్నాడు. "రంజానూ, పేస్టు పూసింది నేను. అడిగినప్పుడు నాకు గుర్తులేదు. ఒట్టు."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"పైపులో వేలు పెట్టగానే తగిలింది. నేను పేస్టు వాడను. నువ్వు తప్ప ఆ బోల్టు ముట్టుకునేవాడు లేడు."

"మరి అప్పుడే చూపించొచ్చు గదా."

రంజాన్ ముడి బిగించాడు. "అడిగాగా. లేదన్నావు. నువ్వు నన్ను దొంగ అన్నావు గదా అని నేను నిన్ను అబద్ధాలకోరు అనాలా, అంతమందిలో?" తాడు లాగి చూశాడు. "ఇంటికి పోయాక గుర్తొస్తది, వస్తాడు అనుకున్నా. ఆ రాత్రి షెడ్డులోనే పడుకున్నా."

ఆ రాత్రి సంజీవరావు ఇంట్లో గోడవైపు తిరిగి, తనకి జరిగిన అన్యాయం తలుచుకుంటూ పడుకున్నాడు.

"స్టాండులో చెప్పా. శివరామకృష్ణ గారికీ చెప్పా. ఎవరూ నమ్మలా."

"చెప్పావంట, విన్నా." రంజాన్ మొహంలో కోపం లేదు. అలసట తప్ప ఏమీ లేదు. "ఆళ్ళకి అది నమ్మబుద్ధి కాదులే. వదిలెయ్."

జైనాబీ ఫోను దించింది. "వాడు రాడంట. మిరపకాయల లోడు దొరికిందంట" అంది భర్తతో. "ఇంకెవర్ని అడిగినా ఖాళీ లేదంటున్నారు."

"నా బండి ఉంది" అన్నాడు సంజీవరావు.

"వద్దులే" అన్నాడు రంజాన్.

"ఎందుకొద్దు?" జైనాబీ అంది. ఆమె గొంతు గట్టిగా లేదుగాని కచ్చితంగా ఉంది. "ఇయ్యాల పోకపోతే మా అన్న ఇంకొకర్ని పెట్టుకుంటాడు. బండి బండే. ఎక్కించండి."

ఇద్దరూ కలిసి మోశారు. వైసు బరువుకి సంజీవరావు చెయ్యి జారితే రంజాన్ మోకాలు అడ్డం పెట్టి ఆపాడు. కంప్రెసరు ఎక్కించేటప్పుడు "పైకి", "కొంచెం నీ వైపు", "వదులు" తప్ప వాళ్ళ మధ్య మాటలు లేవు. ఇన్నేళ్ళూ ఇలా ఎన్ని ఇంజన్లు మోశారో. చేతులకి అలవాటైన పని చేతులు చేసుకుపోయాయి.

అంతా అయ్యాక సంజీవరావు కేబిన్ తలుపు తెరిచి, సీటు మీద దుమ్ము తువ్వాలుతో దులిపాడు.

"కంప్రెసరు దొర్లుద్ది. పట్టుకోవాలి" అని రంజాన్ వెనక ఎక్కాడు.

"తాడు కట్టాంగా."

రంజాన్ రేకుల మీద గోనెపట్టా పరుచుకుని కూర్చున్నాడు. జైనాబీ సందు చివరిదాకా వచ్చి నిలబడింది.

అద్దంకి దాటింది, హైవే ఎక్కింది. బండి ఎత్తుల్ని లెక్కచేయకుండా లాగుతోంది. మార్టూరు, చిలకలూరిపేట వచ్చి వెనక్కిపోయాయి. ఖాళీ సీటు మీద ఎండ పడి, జరిగి, మళ్ళీ పడింది. ఏదైనా ఊళ్ళో నెమ్మదించినప్పుడల్లా సంజీవరావు అద్దంలో చూసేవాడు. రంజాన్ వీపు కేబిన్‌కి ఆనించి, వచ్చిన దారివైపు చూస్తూ కూర్చున్నాడు. గాలికి చొక్కా ఉబ్బుతోంది. తలకి చుట్టుకున్న గుడ్డ మీద ఎర్రటి మిరప దుమ్ము పేరుకుంది. ఒకచోట ఆపి, నీడలో కాసేపు కూర్చుందామా అని అడిగాడు. అక్కర్లేదు, పోనీయమన్నాడు.

గుంటూరులో ఆటోనగర్ సందులో ఆ షెడ్డు ముందు బండి నిలిపాడు. లోపల నలుగురైదుగురు పనిచేస్తున్నారు. ఒకడు తలెత్తి, కొత్తగా వచ్చిన మనిషిని చూసి మళ్ళీ పనిలో పడ్డాడు. సంజీవరావు చెయ్యి తాళం మీదికి పోయింది.

కేబిన్ నెత్తిన అరచేత్తో రెండు దెబ్బలు పడ్డాయి.

"అప్పుడే ఆపమాక" అన్నాడు రంజాన్ వెనక నుంచి. "ఇంత దూరం లాగింది, టర్బో కాలిపోతుంటది. కాసేపు తిరగనీ. ఆయిలు పారి చల్లబడ్డాక ఆపు."

సంజీవరావు తాళం మీంచి చెయ్యి తీసేశాడు. ఇంజను నెమ్మదిగా తిరుగుతోంది. ఇద్దరూ ఎక్కడివాళ్ళక్కడే కూర్చున్నారు, ఒకరు లోపల, ఒకరు బయట, మధ్యలో కేబిన్ రేకు. ఏమైనా అంటాడేమోనని సంజీవరావు చెవులు రిక్కించి ఉన్నాడు. పక్కషెడ్డులో ఎవరో ఇనుము కొడుతున్నారు. తన వీపు వెనక, రేకుకి అవతల, రంజాన్ చొక్కా దులుపుకుంటున్న చప్పుడు వినిపించింది.

"ఇప్పుడు ఆపు" అని దిగి, తాళ్ళు విప్పడం మొదలుపెట్టాడు.